ప్రకృతి వర్క్‌షాపు అంటున్నారు, మనిషికి 3,000. మా అపార్ట్‌మెంట్‌లో పెట్టాలా వద్దా? (బెంగళూరు)

పద్మజ_సర్జాపూర్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మేం సర్జాపూర్ రోడ్డు వైపు ఉంటాం. ఈసారి అపార్ట్‌మెంట్ సంఘంలో కల్చరల్ కమిటీ నా నెత్తిన పడింది. ఏటా చేసే అంత్యాక్షరి, తంబోలా కాకుండా కొత్తగా ఏదైనా పెట్టమని అడుగుతున్నారు.

ఒక ఈవెంట్ సంస్థ వాళ్ళు వచ్చి స్లైడ్లు చూపించారు. ఊరి బయట ఫామ్‌హౌస్‌లో ఒక రోజంతా, మనిషికి 3,000, కనీసం ముప్పై మంది ఉండాలి. పొద్దున చెప్పుల్లేకుండా మట్టిలో నడక. తర్వాత రాలిన ఆకులు, రాళ్ళు, గింజలతో నేలమీద బొమ్మలు. మధ్యాహ్నం ఒక్కొక్కరు ఒక చెట్టో, పిట్టో, నదో అయిపోయి మాస్కు చేసుకుని, గుండ్రంగా కూర్చుని దాని తరఫున మాట్లాడాలట. సాయంత్రం డప్పులు, చలిమంట.

కమిటీలో సగం మందికి తెగ నచ్చింది. మిగతా సగం పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు కానీ రేపు లెక్క చెప్పాల్సింది నేనే కదా, అదీ టెన్షన్. ఇలాంటివాటికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? దీని వెనక ఒక పద్ధతంటూ ఉందా, లేక ఫోటోల కోసం చేసే తంతా?

ఇంకో సంగతి. మా బ్లాకుల్లో ఊళ్ళ నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవాళ్ళు చాలామంది. మా అత్తయ్యది నంద్యాల దగ్గర పల్లె. ఇక్కడ ఏడో అంతస్తు. పొద్దుపోక బాల్కనీలో కూర్చుని, కింద స్విమ్మింగ్ పూల్ శుభ్రం చేసే అబ్బాయిని చూస్తుంటారు. ఆవిడ కూడా వచ్చేలా ఉండాలి. బస్సులో రెండు గంటలంటే రారు.

కర్నూలు_కుర్రాడు | శనివారం, రాత్రి 10:05

3,000 కట్టి చెప్పుల్లేకుండా నడవాలా? మా నాన్న ఊరికే నడిపించేవాడు, పైగా వేరుశనగలో కలుపు కూడా తీయించేవాడు.

జోక్ పక్కన పెడితే, పోయినేడు మా ఆఫీసు వాళ్ళు టీమ్ అవుటింగ్ అని ఇలాంటిదే పెట్టారు. కళ్ళు మూసుకుని చెట్టును కౌగిలించుకోమన్నారు. మామిడి చెట్టు, దాని నిండా ఎర్రచీమలు. మా మేనేజర్ ప్రకృతితో ఎంత బాగా కలిశాడంటే, సాయంత్రం దాకా చొక్కా విప్పి దులుపుకుంటూనే ఉన్నాడు. సోమవారం మళ్ళీ అదే ఏసీ, అదే స్టాండప్ కాల్. ఒక్కరోజు తంతుతో ఏం మారుతుందండీ?

వెంకటరమణ_బసవనగుడి | ఆదివారం, ఉదయం 6:20

చీమల సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను, బాగా నవ్వింది.

పద్మజ గారూ, ఆ మాస్కుల వ్యవహారం ఏమిటో తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెబితే బాగుండు. చెట్టు మీద దయ్యం ఉందంటే వినేవాళ్ళం. చెట్టే మనిషి మీదికి రావడం ఇప్పుడే వింటున్నా.

చిత్రలేఖ | ఆదివారం, ఉదయం 11:15

నేను చెబుతాను. బడి పిల్లలకు బొమ్మలు నేర్పడం నా పని. ఇలాంటి వర్క్‌షాపుల్లో కూర్చున్నాను, చిన్న చిన్నవి నడిపాను కూడా.

మాస్కుల పద్ధతి ఈ ఈవెంట్ వాళ్ళు కనిపెట్టింది కాదు. 1985లో ఆస్ట్రేలియాలో మొదలైంది. అక్కడ వర్షారణ్యాల నరికివేతకు అడ్డు నిలిచిన జాన్ సీడ్, అమెరికా నుంచి వచ్చిన జోవానా మేసీ కలిసి తయారుచేశారు. ఆవిడ బౌద్ధం చదువుకున్న పండితురాలు, అణ్వాయుధాలకు వ్యతిరేకంగా పనిచేసిన మనిషి. ఆ పద్ధతిని సకల జీవుల సభ అనుకోండి. ఆ ఆలోచనకు పునాది నార్వే తత్వవేత్త ఆర్నే నేస్ 1973లో రాసిన మాటల్లో ఉంది: అడవి మనకు పనికొస్తుంది కాబట్టి కాపాడటం వేరు, మనకు పనికొచ్చినా రాకపోయినా దానికి బతికే హక్కుందని కాపాడటం వేరు.

నడిచే తీరు ఇదీ. ముందు అందరూ విడివిడిగా వెళ్ళి కాసేపు మాట్లాడకుండా కూర్చుంటారు. ఎవరి తరఫున మాట్లాడాలో అప్పుడు తేల్చుకుంటారు. తర్వాత అట్టముక్కలు, ఆకులు, రంగులతో మాస్కు. చేతులు పనిలో పడేసరికి చాలామందికి సిగ్గు తగ్గుతుంది. ఆ తర్వాత సభ. ఒక్కొక్కరే తామెవరో, ఎలా బతికేవారో, ఇప్పుడు తమకేం జరుగుతోందో చెబుతారు. వంతులవారీగా కొందరు మాస్కు తీసేసి నడుమ మనుషులుగా కూర్చోవాలి. ఎదురు చెప్పకూడదు, సర్దిచెప్పకూడదు, వినాలి అంతే. నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది ఆ కూర్చోవడమే. చివర్లో ఆ జీవులే మనుషులకు తమ దగ్గరున్న బలం ఏదో ఒకటి ఇచ్చి పంపుతాయి.

నేను చూసిన ఒక సభలో ఐటీలో పనిచేసే ఒకాయన మురుగు చేరి నురగలు కక్కిన మన బెళ్ళందూరు చెరువు అయ్యాడు. నురగ కోసమని మాస్కుకి షేవింగ్ క్రీమ్ పూసుకొచ్చాడు. అందరూ నవ్వారు. ఆయన లేచి, "నేను నీళ్ళని. 2017లో నాకు నిప్పంటుకుంది. 2018లో మళ్ళీ అంటుకుంటే ఆర్పడానికి సైనికులు రావాల్సొచ్చింది" అన్నాడు. పక్కనున్న ఆవిడ వైపు తిరిగి, "మీ ఇంట్లో బట్టలకు ఏ పౌడర్ వాడతారమ్మా?" అని అడిగాడు. నవ్వు ఆగిపోయింది. తర్వాత గంటసేపు నడిచిన చర్చంతా డిటర్జెంట్ల మీద, తమ తమ అపార్ట్‌మెంట్లలో మురుగునీటి ప్లాంటు నిజంగా నడుస్తోందా లేదా అన్నదాని మీద.

ఆయన రోజూ ఆ చెరువు పక్క నుంచే ఆఫీసుకి వెళ్తాడు కాబట్టి అది కుదిరింది. అదే పొద్దున్నే దిగిన ఫామ్‌హౌస్‌లో, అంతకుముందెన్నడూ చూడని చెట్ల మధ్య కూర్చోబెడితే ఎక్కువమంది పులో, తిమింగలమో, మంచు చిరుతో అవుతారు. అన్నీ టీవీలో చూసినవే. నా అభ్యంతరం అక్కడే.

కర్నూలు_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 12:02

చెరువాయన సంగతి బాగుంది, ఒప్పుకుంటా. కానీ మా అమ్మకి బర్రెతో మాట్లాడటానికి మాస్కు అక్కర్లేదు. పద్మజ గారి అత్తయ్యను తెచ్చి గుండ్రంగా కూర్చోబెట్టి "మీరిప్పుడు వేపచెట్టు, మాట్లాడండి" అంటే ఏమంటారో ఊహించుకోండి.

పద్మజ_సర్జాపూర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఏమంటారో నాకు బాగా తెలుసు. ఇక్కడ రాస్తే మోడరేటర్ తీసేస్తారు.

డాక్టర్_శశి | ఆదివారం, సాయంత్రం 5:30

ఒక డాక్టరుగా కొంచెం. ఈ మధ్య ఇలాంటి ప్యాకేజీలన్నిటిలో "సైన్స్ నిరూపించింది" అనే స్లైడు ఒకటి తప్పకుండా ఉంటుంది. నిజంగా ఉన్నవేమిటో చెబుతాను.

1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ రికార్డులు తీసి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుక గోడ కనిపించిన 23 మంది. చెట్లు కనిపించినవాళ్ళు కాస్త ముందుగా ఇంటికెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. చిన్న అధ్యయనమే, కానీ ఆసుపత్రులు కట్టేవాళ్ళు ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటారు. 2019లో ఇంగ్లండులో దాదాపు 20,000 మంది జవాబులు తీసుకుని చూస్తే, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చదనంలో గడిపేవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ 120 నిమిషాలు ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా కనిపించలేదు. అయితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువగా బయటికి వెళ్తున్నారేమో అన్న ప్రశ్న అలాగే ఉంది. జపాన్‌లో అటవీ శాఖ 1982లోనే "అడవి స్నానం" అని ప్రచారం మొదలుపెట్టింది. అంటే చెట్ల మధ్య తొందర లేకుండా తిరగడం.

గమనించండి, వీటిలో ఏదీ ఒక్కరోజు వర్క్‌షాపు గురించి కాదు. వారం వారం గురించి. డిప్రెషన్ తగ్గిస్తాం, బీపీ తగ్గిస్తాం అని ఎవరైనా కరపత్రంలో రాస్తే ఆ ఒక్క కారణానికే వద్దనండి. పెద్దవాళ్ళ ఒంటరితనానికి మాత్రం నలుగురితో కలిసి చేసే పని ఏదైనా మంచిదే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి మాత్ర కన్నా ముందు కావాల్సింది అదే.

నీటికాకి | ఆదివారం, రాత్రి 8:45

సర్జాపూర్ రోడ్డులో ఉంటూ ఫామ్‌హౌస్ దాకా ఎందుకండీ? కైకొండ్రహళ్ళి చెరువు మీ దగ్గర్లోనే కదా. ఊరివాళ్ళు, కాలనీల వాళ్ళు, నగరపాలక సంస్థ కలిసి బాగుచేసుకున్న చెరువు. బెంగళూరు చెరువులు దాదాపు అన్నీ మనుషులు కట్టలు వేసి తవ్వుకున్నవే. పైది నిండితే రాజకాలువలోంచి కిందిదానికి నీళ్ళు వెళ్ళేలా కట్టుకుంటూ పోయారు. కట్ట మీద నిలబడి ఆ సంగతి చెబితే మన రాయలసీమ పెద్దవాళ్ళకి రెండో మాట అక్కర్లేదు. తూము ఎక్కడుంది, అలుగు ఎటు పారుతుంది అని వాళ్ళే అడుగుతారు.

మా బృందం అక్కడ చేయించే ఒక పని చెబుతా, పైసా ఖర్చు లేదు. ఒక్కొక్కరికి ఒక అట్ట, పెన్సిలు. అట్ట మధ్యలో ఇంటూ గుర్తు, అది మీరు. పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. ఏ శబ్దం వినిపించినా అది వచ్చిన దిక్కులో, ఎంత దూరమో అంత దూరంలో ఏదో ఒక గుర్తు వేయాలి. పేరు తెలియాల్సిన పనిలేదు. మొదట హారన్లు, ఫ్లైటు, ఎవరిదో ఫోను తప్ప ఏమీ పడవు. నాలుగైదు నిమిషాలు గడిచాక కంసాలి పిట్ట టుక్ టుక్ మొదలవుతుంది. నిజానికి అది ముందు నుంచీ అరుస్తూనే ఉంటుంది. పొదల్లోంచి జెముడుకాకి మూలుగు. గూడబాతు నీళ్ళ మీద దిగిన చప్పుడు. తర్వాత అందరి అట్టలూ పక్కపక్కన పెడితే చెరువుకి ఒక పటం తయారవుతుంది. కళ్ళు సరిగ్గా కనిపించని పెద్దవాళ్ళ అట్టలు తరచుగా అందరికన్నా నిండుగా ఉంటాయి.

ఓరుగల్లు_పిల్ల | సోమవారం, ఉదయం 8:05

ఈ చర్చంతా చదువుతుంటే నాకు ఒకటే అనిపిస్తుంది. నలుగురు కూడి పూలు తెచ్చి, పేర్చి, చుట్టూ తిరిగి పాడి నీళ్ళలో వదలడం మాకు కొత్త కాదు కదా. బతుకమ్మ అంటే అదే. గుండ్రంగా కూర్చోవడం వాళ్ళది, గుండ్రంగా ఆడటం మనది.

కానీ బెంగళూరులో మేం చేసే బతుకమ్మ నిజం చెప్పాలంటే మార్కెట్ బతుకమ్మే. కేఆర్ మార్కెట్‌లో బంతి, చామంతి కిలోల్లో తెచ్చి పేరుస్తాం. తంగేడు, గునుగు ఊరి నుంచి ఎవరైనా బస్సులో తెస్తే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. మా అక్క కూతురికి గునుగు పువ్వు గుర్తే, ప్లాస్టిక్ కవర్లోంచి తీస్తే గుర్తుపడుతుంది. చేన్ల గట్టు మీద ఉన్నప్పుడు చూడలేదు. పూలు ఏరుకొచ్చే పూట పోయింది, పేర్చే పూట మిగిలింది. పద్మజక్కా, ఏది పెట్టినా ఏరుకొచ్చే పూట మాత్రం వదలకండి.

వెంకటరమణ_బసవనగుడి | సోమవారం, ఉదయం 9:30

ఓరుగల్లు అమ్మాయి అసలు సంగతి పట్టుకుంది. నెల తిరిగితే వినాయక చవితి. మాది తెనాలి పక్క. చిన్నప్పుడు ముందురోజు సంచులు పట్టుకుని పత్రికి వెళ్ళేవాళ్ళం. ఏ గట్టు మీద ఏ మొక్క ఉందో మా ఊరి పిల్లలందరికీ కంఠతా. ఇప్పుడు బజారులో "పత్రి" అని ఒక కట్ట ఇస్తారు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలీదు, కొనేవాడికీ తెలీదు.

ఇరవై ఒకటీ రాస్తున్నాను, కాగితం మీద దించుకోండి: మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతం, దానిమ్మ, దేవదారు, మరువం, వావిలి, జాజి, గండకి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు.

రావి, మామిడి, మద్ది, మారేడు పెద్ద చెట్లు. తులసి, మరువం, జాజి, దానిమ్మ పెరట్లో పెంచుకునేవి. మిగతావాటిలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, జిల్లేడు, విష్ణుక్రాంతం ఎవరూ నాటనివి. ఖాళీ స్థలం కనిపిస్తే వచ్చి కూర్చుంటాయి. సర్జాపూర్ రోడ్డులో కట్టకుండా వదిలేసిన సైట్లకు కొదవా? వెళ్ళి వెతకండి. దేవదారు మాత్రం దొరకదు, అది హిమాలయాల చెట్టు. మా వీధిలో ఆ పేరుతో అమ్మేది ఇళ్ళ ముందు నిటారుగా పెరిగే అశోకం ఆకు.

బెంగళూరు అందం అని మనం ఫోటోలు తీసేవి చాలావరకు పై దేశాల చెట్లు. గుల్‌మొహర్ మడగాస్కర్‌ది. జకరండా, గులాబీ టబూబియా అమెరికా ఖండాలవి. జర్మనీ నుంచి వచ్చి లాల్‌బాగ్‌లో పనిచేసిన క్రుంబీగెల్ దొర, ఒకటి పూత రాల్చేసరికి ఇంకొకటి పూసేలా రోడ్ల వెంట చెట్లు వేయించాడు. 1956లో ఈ ఊళ్ళోనే పోయాడు. ఆయన మీద నాకు గౌరవమే, రోజూ ఆ నీడలోనే నడుస్తాను. కానీ కాళ్ళ కింద ఉన్న విష్ణుక్రాంతాన్ని చూసేవాడు లేడు. పావలా కాసంత కూడా ఉండదు ఆ నీలం పువ్వు. ఎండెక్కితే ముడుచుకుంటుంది. అందుకే పొద్దున్నే వెళ్ళాలి.

చిత్రలేఖ | సోమవారం, మధ్యాహ్నం 1:20

వెంకటరమణ గారూ, మీకు దండం. దీనికి నా వైపు నుంచి ఒకటి కలుపుతాను. వెతికిన ఆకులతో నీలి ముద్రలు వేయిద్దాం. సయనోటైప్ అంటారు. ఇంగ్లండులో జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టాడు. ఆ మరుసటి ఏడాదే అనా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుల్ని ఇలా ముద్రలు వేసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. ఇంజనీర్లు వాడిన పాత బ్లూప్రింటు కూడా ఇదే విద్య.

ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు ఇంకో 100 మిల్లీలీటర్లలో విడివిడిగా కలిపి ఉంచుకోవాలి. వాడేముందు సమానంగా కలిపి, మసక వెలుతురు గదిలో బొమ్మల కాగితం మీద బ్రష్షుతో పల్చగా పూసి చీకట్లో ఆరబెట్టాలి. కాగితం పసుపుపచ్చగా ఉంటుంది. దాని మీద ఆకు పెట్టి, పైన అద్దం పెట్టి ఎండలో ఉంచితే ఆకు లేని చోట రంగు మారుతూ బూడిద పచ్చలోకి వస్తుంది. అప్పుడు పంపు కింద కడగాలి. పసుపు నీళ్ళు పోయేకొద్దీ నీలం తేలుతుంది, ఆకు ఉన్నచోట తెల్లగా మిగులుతుంది. తులసి, మరువం లాంటి పల్చటి ఆకులకు ఈనెలు కూడా పడతాయి. మద్ది ఆకు మందం, దానికి అంచు మాత్రమే. కానుగ ఆకు ఎక్కడైనా దొరికితే వదలకండి. ఆకుల్ని పట్టే సన్న నల్లి (మంచాల్లో నల్లి కాదు, మైట్ అంటారు) చేసిన బుడిపెలు దాని మీద వేళ్ళలా లేచి ఉంటాయి, ముద్రలో భలే వస్తాయి. పత్రిలో లేకపోయినా పిల్లలు దాన్నే ముందు అడుగుతారు.

మంచి ఎండలో పది, పదిహేను నిమిషాలు చాలు. శ్రావణ మబ్బుల్లో అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఖర్చు మనిషికి 200 దాటదు.

రాజీ_వైట్‌ఫీల్డ్ | సోమవారం, మధ్యాహ్నం 2:45

పేరులోనే సయనైడ్ ఉంది. పిల్లల చేతికిస్తారా?

చిత్రలేఖ | సోమవారం, మధ్యాహ్నం 3:10

మంచి ప్రశ్న రాజీ గారూ. అందులో సయనైడ్ ఇనుముతో గట్టిగా బంధించి ఉంటుంది, మామూలు వాడకంలో విడిపోదు. ఘాటు యాసిడ్ కలపకూడదు, మంట మీద పెట్టకూడదు. బాత్రూం యాసిడ్ సీసా దరిదాపుల్లో ఉండకూడదు. కలపడం, పూయడం నేను ముందే ఇంట్లో గ్లౌజులతో చేసుకొస్తాను. పిల్లలు ఆకు పెట్టడం, కడగడం చేస్తారు. కడిగేటప్పుడు వాళ్ళకూ గ్లౌజులు, తర్వాత చేతులు సబ్బుతో.

రసాయనమే వద్దంటే మన శ్రీకాళహస్తి కలంకారీ దారి ఉంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీళ్ళతో వెదురు కలంతో గీస్తారు. కలంలోంచి దిగేటప్పుడు వెలిసిన టీ రంగులో ఉండే గీత, కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది. కళ్ళ ముందే. పెద్దవాళ్ళకు ఇది ఎక్కువ నచ్చుతుంది. కానీ ఇనుము ఇప్పటి నుంచే ఊరబెట్టాలి.

డాక్టర్_శశి | సోమవారం, సాయంత్రం 6:00

సయనోటైప్ కన్నా నాకు భయం ఆ ఇరవై ఒకటిలోనే ఉంది. ఉమ్మెత్త కాయ, గింజ మింగితే పిల్లాడు ఐసీయూలో ఉంటాడు. గన్నేరు ఏ భాగమైనా గుండె మీద పనిచేస్తుంది. జిల్లేడు తుంచినప్పుడు వచ్చే పాలు కంట్లో పడితే చూపు మసకబారుతుంది. అప్పుడు నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అదే ప్రమాదం. ఈ మూడూ పెద్దవాళ్ళే తుంచాలి. అవి ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా టిఫిన్ దగ్గరికి రానివ్వొద్దు.

రాజీ_వైట్‌ఫీల్డ్ | సోమవారం, రాత్రి 9:15

ఇంకో మాట, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా అపార్ట్‌మెంట్‌లో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు, మీ దగ్గరా ఉంటారు. "వినాయక పత్రి వర్క్‌షాపు" అని నోటీసు పెడితే మా పక్కింటి ఫాతిమా ఆంటీ రారు. ఆవిడ బాల్కనీలో ఉన్నన్ని మొక్కలు మా బ్లాకులో ఎవరింట్లోనూ లేవు. ప్రకృతి అందరిదీ అంటూ సగం మందిని గేటు బయట ఉంచినట్టవుతుంది.

వెంకటరమణ_బసవనగుడి | మంగళవారం, ఉదయం 6:40

అమ్మా రాజీ, పూజ చేయమనలేదు కదా, ఆకు చూడమన్నాను. పండుగను తీసేస్తే ఈ జాబితా ఎక్కడి నుంచి వచ్చిందో కూడా పోతుంది. గుర్తు పెట్టుకోవడానికి ఒక కథ ఉండబట్టే ఇన్నేళ్ళు నిలిచింది.

రాజీ_వైట్‌ఫీల్డ్ | మంగళవారం, ఉదయం 9:00

కథ చెప్పొద్దనలేదు అంకుల్. నోటీసు మీద ఏం రాస్తామన్నదే నా బాధ. మీ కథ మీరు చెప్పండి, ఆంటీకి తెలిసిన మొక్కల సంగతి ఆంటీ చెబుతారు.

కర్నూలు_కుర్రాడు | మంగళవారం, ఉదయం 10:25

పనిలో పని, విత్తన బంతులు కూడా పెట్టేయండి. మట్టిలో గింజలు చుట్టి తురహళ్ళి అడవిలో విసిరేస్తే మొక్కలు మొలుస్తాయి. పిల్లలకు ఫుల్ జోష్.

నీటికాకి | మంగళవారం, ఉదయం 11:00

దయచేసి వద్దు. తురహళ్ళిలో బండల మధ్య గడ్డి, ముళ్ళపొదలు చూసి ఖాళీ స్థలం అనుకుంటారు. అది ఖాళీ కాదు, ఆ పొదల్ని నమ్ముకున్న పిట్టలు, పురుగులు, పాములు ఉన్నాయి. చేతికి దొరికిన గింజల్లా అక్కడ విసిరితే చాలావరకు ఎండిపోతాయి, ఎలుకలు తింటాయి. మొలిచినవి అక్కడ ఉండాల్సినవి కాకపోతే ఇంకో తలనొప్పి. ఫోటో బాగుంటుంది, అంతవరకే.

దానికి బదులు ఒక్కొక్క కుటుంబం మీ కాంపౌండ్‌లో ఒక చెట్టును పట్టుకోండి. సీజన్‌వాచ్ అని దేశమంతా నడిచే కార్యక్రమం ఉంది. చెట్టును నమోదు చేసుకుని వారానికోసారి చిగురు, పూత, కాయ ఎంతున్నాయో రాయాలి. కేరళలో బడిపిల్లలు ఏళ్ళ తరబడి రాస్తున్నారు. శశి గారు చెప్పిన వారం వారం సంగతి దానితో కుదురుతుంది.

ఓరుగల్లు_పిల్ల | మంగళవారం, మధ్యాహ్నం 1:40

లాల్‌బాగ్‌లో పెట్టుకుంటే ఎలా ఉంటుంది? 240 ఎకరాలు, చెట్లకు పేర్ల పలకలు కూడా ఉంటాయి.

వెంకటరమణ_బసవనగుడి | మంగళవారం, సాయంత్రం 4:15

చూడటానికి దాన్ని మించింది లేదు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట. అందులోని బండ వయసు 300 కోట్ల ఏళ్ళు అంటారు భూగర్భ శాస్త్రవేత్తలు. దాని మీద కూర్చుని పిల్లలకు ఆ అంకె ఒక్కటి చెప్పినా చాలు. కానీ అక్కడ ఆకు తుంచకూడదు, గుంపుగా కార్యక్రమం అంటే ఉద్యానవన శాఖ అనుమతి కావాలి. ఆగస్టులో పూల ప్రదర్శన రోజుల్లో కాలు పెట్టే సందు ఉండదు. అది ఇంకో నెలకు ఉంచండి. పైగా అక్కడ కలుపు మొక్క మిగలనివ్వరు. మనకు కావాల్సిందే కలుపు.

పద్మజ_సర్జాపూర్ | ఆదివారం, రాత్రి 8:30

వారం రోజులు రాయలేదు, క్షమించండి. మీ మాటలన్నీ కమిటీలో పెట్టాను. ఫామ్‌హౌస్ వాళ్ళకు వద్దని చెప్పేశాం. కొందరికి కోపం వచ్చింది. డబ్బులున్నాయి, ఒకరోజు హాయిగా బయటికి పోదామంటే నువ్వు మళ్ళీ కాంపౌండ్‌లోనే కూర్చోబెడతావా అని. వాళ్ళ మాటా కాదనలేను. వాళ్ళకు పిక్నిక్ వేరేగా పెడతాం.

అసలు సంగతి ఇది. ఇవాళ పొద్దున వెంకటరమణ గారి జాబితా ప్రింటు తీసి అత్తయ్యకు చదివి వినిపించాను. "కాగితం నాకెందుకు, పద" అన్నారు. కిందికి దిగాం. లాన్‌లో గరిక ఉందన్నాను. "అది గరిక కాదు, ఎక్కడినుంచో తెచ్చి పరిచిన గడ్డి" అని, దాని అంచున ఇటుకల సందులోంచి వచ్చిన సన్నటి పోచ చూపించారు. తర్వాత జనరేటర్ గది వెనక్కి నడిచారు. నేను ఇన్నేళ్ళలో అటు వెళ్ళనేలేదు. అక్కడ నడుము ఎత్తున ఉత్తరేణి. తిరిగొచ్చేటప్పటికి నా చున్నీకి, ఆవిడ చీర కుచ్చిళ్ళకు గింజలు వరసగా అంటుకున్నాయి. ఒక్కోటి గిల్లి తీస్తూ, "పళ్ళు తోముకునేవాళ్ళం దీనితో" అన్నారు. గోడ అవతల ఖాళీ సైట్లో జిల్లేడు, ఉమ్మెత్త, వాకుడు ఒకేచోట ఉన్నాయి. వాకుడు ఆకు మీద కూడా ముళ్ళుంటాయని నాకు ఇవాళే తెలిసింది, వేలికి గుచ్చుకుని.

తోటమాలి మంజునాథ్ మంగళవారం జనరేటర్ వెనక అంతా మందు కొట్టాలని రెడీగా ఉన్నాడు. చవితి దాకా ఆపించాను. అత్తయ్య అతనితో తెలుగులో, అతను ఆవిడతో కన్నడలో అరగంట మాట్లాడుకున్నారు. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.

చవితి ముందు ఆదివారం, పొద్దున 7 నుంచి 12. ముందు పది నిమిషాలు శబ్దాల అట్టలు. తర్వాత కాంపౌండ్, పక్క సైట్లో ఆకుల వెతుకులాట. సైటు ఓనర్‌ని అడిగాం, సరే అన్నారు. ప్రతి బృందంలో ఒక పెద్దావిడో పెద్దాయనో ఉండాలి. ఆ తర్వాత టెర్రస్ మీద నీలి ముద్రలు. చివర్లో కావాలనుకున్నవాళ్ళు తాము ముద్ర వేసిన మొక్క తరఫున మాట్లాడొచ్చు. మాస్కు ఉన్నా సరే, లేకున్నా సరే. మందు కొట్టబోయిన సంగతి విన్నాక ఉత్తరేణి తరఫున మాట్లాడతానని మా అబ్బాయి ఇప్పటికే స్క్రిప్టు రాస్తున్నాడు. నోటీసు మీద "మన కాంపౌండ్‌లో 21 ఆకులు" అని పెట్టాం.

రాజీ_వైట్‌ఫీల్డ్ | ఆదివారం, రాత్రి 8:50

ఫాతిమా ఆంటీని తీసుకొస్తాను. మరువం, మాచిపత్రి ఆవిడ కుండీల్లో ఉన్నాయి.

వెంకటరమణ_బసవనగుడి | ఆదివారం, రాత్రి 9:05

నోటీసు పేరు నాకు నచ్చలేదు. వస్తాను మాత్రం. గండకి ఏదో తేల్చడానికి మా ఆవిడ కూడా వస్తుంది. దాని మీద మా ఇద్దరికీ పెళ్ళయినప్పటి నుంచీ వాదనే.

కర్నూలు_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:20

బయటివాళ్ళు రావొచ్చా? టిఫిన్ ఏంటి? వాన పడితే?

పద్మజ_సర్జాపూర్ | ఆదివారం, రాత్రి 9:32

రావొచ్చు, మనిషికి 200. ఉగ్గాని, బజ్జీ. మా అత్తయ్య మెనూ, మార్చే అధికారం నాకు లేదు.

చిత్రలేఖ | ఆదివారం, రాత్రి 9:45

వాన పడితే గొడుగులతో వెతుకులాట, ముద్రలు మాత్రం ఎండ వచ్చిన రోజుకి. పూసిన కాగితాలు నల్ల కవర్లో రెండు మూడు రోజులు ఆగుతాయి. పాత ఫోటో ఫ్రేముల అద్దాలు ఇళ్ళలో ఉంటే తీసుకురండి, అంచులకు టేపు వేసి. నా దగ్గర పన్నెండే ఉన్నాయి.